తొందరలో ఉన్నవాని గుణము

మంచి గుణము మనిషిలో నిలిచి ఉండేదా, లేక ఆ పూట పరిస్థితిని బట్టి వచ్చి పోయేదా? ఇది పండితుల ప్రశ్న మాత్రమే కాదు. పిల్లలను పెంచేవారు, సండేస్కూలు చెప్పేవారు దీనికి జవాబు తెలిసినట్టే రోజూ నడుచుకొనుచున్నారు.

క్రీస్తుపూర్వము 4వ శతాబ్దపు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ దీనిని గూర్చి చెప్పినది మన మేస్త్రీలకు సులభముగా అర్థమవుతుంది. గోడలు కట్టగా కట్టగా మనిషి మేస్త్రి అవుతాడు. అలాగే న్యాయమైన పనులు చేయగా చేయగా న్యాయవంతుడవుతాడు. వంకర గోడలు కట్టుట అలవాటైతే చెడ్డ మేస్త్రి కూడా ఆ పని వల్లనే తయారవుతాడు. అంతేకాదు, దానము చేసి లోపల బాధపడేవానిని దాతృత్వము గలవాడని ఆయన ఒప్పుకోడు. చేయి ఇచ్చినా మనసు ఇంకా అలవాటు పడలేదన్నమాట.

ఈ మాటకు గట్టి దెబ్బ తగిలింది అమెరికాలో, అదీ వేదాంత విద్యార్థుల మధ్యనే. ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీ విద్యార్థులు 40 మందితో డార్లీ, బాట్సన్ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష జరిపి, 1973లో ప్రచురించారు. విద్యార్థులు ఒక భవనములో నుండి మరొక భవనమునకు వెళ్లి ప్రసంగించాలి. కొందరి ప్రసంగాంశము మంచి సమరయుని ఉపమానమే! దారిలో ఒక మనిషి గుమ్మము దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతూ ఉంటాడు. అది ముందుగా ఏర్పాటు చేసినదని విద్యార్థులకు తెలియదు. తీరిక ఉన్నదని చెప్పి పంపినవారిలో నూటికి 63 మంది ఏదో విధముగా సహాయపడ్డారు. సమయానికి సరిపోతుందన్న వారిలో 45 మంది. ఆలస్యమైపోయింది, త్వరపడమన్న వారిలో 10 మందే. సమరయుని గూర్చి మాట్లాడబోవుట వలన చెప్పుకోదగిన తేడా ఏమీ కనబడలేదు. కొందరైతే ఆ మనిషిని దాటుకొని వెళ్లిపోయారట.

దీనిని, ఇటువంటి ఇతర పరీక్షలను చూపి, 1999లో గిల్బర్ట్ హార్మన్, 2002లో జాన్ డోరిస్ అను తత్త్వవేత్తలు, మనమనుకొనే స్థిరమైన గుణము ఉన్నదనుటకు ఆధారము చాలదని వాదించారు. గుణాన్ని కాదు, పరిస్థితిని సరిచేయండి అన్నది వారి ధోరణి.

నాకు ఆ మాట సగమే నచ్చింది. నలభై మంది అంటే చిన్న లెక్క. ఒక్క రోజు నడకను బట్టి జీవితకాలపు గుణాన్ని తేల్చలేము. పైగా ఆగకుండా వెళ్లినవారిలో కొందరు అక్కడికి చేరేసరికి కలవరపడుతూ ఉన్నారని ఆ పరిశోధకులే వ్రాశారు. అంటే వారు రాతి మనసు వారు కారు. తమ కోసము ఎదురుచూచేవారు ఒక ప్రక్క, మూలిగేవాడు ఒక ప్రక్క. ఏది ముందో తేల్చుకొనే వివేకము ఆ క్షణములో వారికి అందలేదు. అరిస్టాటిల్ సద్గుణములన్నిటికీ వివేకము కావాలన్నది ఇందుకే. ఆ వివేకము కూడా అలవాటుతోనే వస్తుంది, ప్రసంగము సిద్ధపరచుకొన్నంత మాత్రాన రాదు. (ప్రసంగించేవారము నొచ్చుకొనవలసిన మాటే ఇది.)

మిగిలిన సగము మాత్రము నన్ను వదలడము లేదు. ఉదయము లోకల్ రైలు కొరకు పరుగెత్తే మనవారిని చెడ్డవారనగలమా? కాని పది నిమిషాలు ముందు బయలుదేరుట కూడా గుణములో భాగమేనేమో. పిల్లలకు దయను గూర్చి చెప్తాము, సమయాన్ని గూర్చి వేరే పాఠముగా చెప్తాము. ఆ రెండూ ఒకటేనని ఎవరూ చెప్పరు.

ఉపమానములోని సమరయుడు కూడా ప్రయాణములో ఉన్నవాడే. గాయాలు కట్టి, తన వాహనము మీద ఎక్కించి, పూటకూళ్లవాని ఇంట దించి, మరునాడు రెండు దేనారములు ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పి, తన దారిన తాను వెళ్లాడు. పని మానుకోలేదు.