బిడ్డల పెంపకము - అహింసా వ్రతము



కోలారు జిల్లాలో ముళబాగిలు సమీపమున కురుడుమలె యను గ్రామము కలదు. అచ్చటి ఏకశిలా వినాయకుని చూడ వచ్చువారు వేలకొలది. దాపుననే యున్న సోమేశ్వరాలయమున నిలిచి రాతిపనిని చూచువారు మాత్రము కొద్దిమంది. ఆ ఆలయములో ఒక భాగమును జకణాచారి చెక్కెననియు, వేరొక భాగమును అతని కుమారుడు డంకణాచారి చెక్కెననియు, రెండింటిలో కొడుకు పనియే నాజూకైనదనియు అచ్చటివారు చెప్పుకొందురు. ఆలయము ఏ మతస్థులదైన నేమి? బిడ్డలు గల ప్రతి గృహస్థునకును ఈ మాట పనికివచ్చును.

ఆ తండ్రీకొడుకుల కథ కన్నడ దేశమంతట తెలిసినదే. జకణాచారి గర్భవతియైన భార్యను విడిచి, శిల్పమే లోకముగ దేశములు తిరిగెను. కొడుకు తండ్రి మొగమైన నెరుగక పెరిగి, ఆయనను వెదకుచు బేలూరు చేరెను. అచ్చట జకణాచారి మలచిన విగ్రహపు రాతిలో దోషమున్నదని ఆ యువకుడు పలికెను. దోషము చూపినచో కుడిచేయి నరికికొందునని పెద్దవాడు పంతము పట్టెను. విగ్రహమునకు గంధము పూయగా అంతయు ఆరెను గాని నాభి దగ్గర తడి ఆరలేదు. అచ్చట ఉలి పెట్టగా లోపలినుండి నీరును కప్పయు బయటపడెను. తండ్రి చేయి పోయెను. ఎదుట నిలిచినవాడు తన కొడుకేనని ఆ తరువాతగాని తెలియలేదు.

ఇది జనులు చెప్పుకొను కథ. రాతిమీది పేర్లు చెప్పు సంగతి వేరొకటి కలదు. హొయ్సళ విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠింపించిన బేలూరు ఆలయమున మదనికా విగ్రహములలో నాలుగు బళ్ళిగావి వాసియగు దాసోజునివి, ఐదు అతని కుమారుడు చావణునివి. తండ్రివి నాలుగు, కొడుకువి ఐదు! ఆ లెక్క చూచి దాసోజుడు చేయి నరికికొన్నట్లు ఎవరును చెప్పరు.

శ్రావకునకు మొదటి అణువ్రతము అహింస. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున ఆ వ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. బంధము, వధము, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. అనగా కట్టుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు పెట్టుట, తిండినీళ్ళు ఆపుట. వీనిని ఎద్దులకును పనివాండ్రకును అన్వయించుకొని తృప్తిపడు శ్రావకులే మెండు. బండిపై ఒక మూట ఎక్కువైనచో ఎద్దును చూచి నొచ్చుకొను గృహస్థుడు, తన పదేండ్ల కొడుకుపై ఎంత బరువు పెట్టినాడో ఎన్నడైన తూచి చూచినాడా?

ఉదయము ట్యూషను, పగలు బడి, సాయంకాలము మరల ట్యూషను, ఆపైన దుకాణము. మార్కులు తగ్గినచో భోజనమునకు రావద్దని ఆజ్ఞ. నాల్గవ అతిచారమును ఐదవ అతిచారమును ఒక్క దినమున పూర్తియైనవి! సూర్యాస్తమయమునకు ముందే భుజించు ఇంట ఆ వేళ దాటినచో బిడ్డకు తెల్లవారు దాక పస్తే గదా. ఆ రాత్రి తండ్రి చేసిన ప్రతిక్రమణమున ఈ పస్తు జ్ఞప్తికి వచ్చినదో లేదో ఆయనకే తెలియవలెను. బడిలో పిల్లలను కొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను శాసించినది. ఇంటిలో శాసింపవలసినది వ్రతమే.

అట్లని పట్టపగ్గములు లేక విడుచుట అహింస కాదు. తాత మూటలు మోసి నిలిపిన వ్యాపారమున మనుమనికి 'లేదు' అను మాట వినబడనీయని ఇండ్లును కలవు. 2001లో కోలారు బంగారు గనులు మూతపడినవి. జీతపు దినమును నమ్ముకొన్న బేరములు ఏమైనవో ఆ ప్రాంతపు వర్తకులకు చెప్పనక్కరలేదు. 'లేదు' అను మాట విననివాడు అట్టి దినమున ఏమి చేయగలడు?

అమెరికాలో డయానా బామ్రిండ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 1966లో పెంపకమును మూడు తెరగులుగ విడదీసెను. కారణము చెప్పక ఆజ్ఞాపించునది ఒకటి, అడిగినదెల్ల ఇచ్చునది ఒకటి, హద్దు నిలిపి, కారణము చెప్పి, బిడ్డ మాటయు వినునది ఇంకొకటి. 1983లో మకోబి, మార్టిన్ అనువారు నాల్గవది చేర్చిరి: బిడ్డను పట్టించుకొననిదే అది. జకణాచారిని ఏ వరుసలో కూర్చుండబెట్టవలెనో చెప్పనేల? మొదటి విధమున పెరిగిన పసివారు ముడుచుకొని, ఇతరులను నమ్మని వారగుదురనియు, రెండవ విధమువారికి తమపై అదుపు తక్కువయనియు, మూడవ విధమువారు తమ కాళ్ళపై తాము నిలుచువారనియు బామ్రిండ్ గమనించెను.

జినసేనాచార్యుల ఆదిపురాణము చదివిన ఇంటివారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఋషభదేవుడు కుమార్తె బ్రాహ్మికి అక్షరములు నేర్పెను, సుందరికి అంకెలు నేర్పెను. ఆడుబిడ్డలకు చదువేల యనలేదు. కుమారులకును ఒక్కటే విద్య నేర్పలేదు. భరతునకు అర్థశాస్త్రము, వృషభసేనునకు సంగీతము, అనంతవిజయునకు చిత్రకళ, బాహుబలికి ఆయుర్వేదము, ధనుర్వేదము, రత్నపరీక్ష. దుకాణపు గద్దె యొక్కటే గలదన్నట్లు కొడుకులందరిని దానిపైకే త్రోయువారు ఈ భాగమును మరల చదువుట మంచిది.

ఒక కుదువ అంగడి ననుకొనుడు. ఆసామి నగ విడిపించుకొన వచ్చినాడు. తండ్రి వడ్డీ కట్టి మొత్తము చెప్పినాడు. ప్రక్కన నిలిచిన పదునాలుగేండ్ల బాలుడు, "నాన్నా, ఒక నెల వడ్డీ ఎక్కువ పడింది" అన్నాడు. ఆసామియు, గుమాస్తాయు, బాలుడును తండ్రి మొగమునే చూచుచున్నారు. విగ్రహమునకు గంధము పూసిన ఘడియ యిదే.

"పెద్దల ఎదుట నోరు మూసుకో" అనినచో బాలుడు మరునాటినుండి పద్దులు చూడడు. చూచినను చెప్పడు. కొన్నాళ్ళకు తన తప్పులును చెప్పడు. అట్లుగాక తండ్రి పుస్తకము దగ్గరకు లాగుకొని, మరల లెక్కవేసి, ఎక్కువైన సొమ్మును కొట్టివేసి, కలము కొడుకు చేతికిచ్చి "సరియైనది నీవే వ్రాయి నాయనా" అనినచో, ఆ పుటలో తండ్రి వ్రాత క్రిందనే కొడుకు వ్రాతయు నుండును.