పిడుగు ఎవరి పాపము?



ఎండలు ముదిరి, సాయంకాలమున మబ్బులు క్రమ్ముకొను దినములు వచ్చినప్పుడెల్ల మాకొక తల్లి ముఖము జ్ఞాపకమునకు వచ్చును. సేవ యారంభించిన తొలి సంవత్సరములలో మేమొక మెట్ట పల్లెలోని సంఘమునకు కాపరిగా నుంటిమి. ఒక మే నెల సాయంకాలమున గొర్రెలు కాయబోయిన పదునారేండ్ల కుర్రవాడు, వాన రాగా, చేని గట్టుమీదనున్న వేపచెట్టు క్రిందికి చేరెను. ఆ చెట్టుమీద పిడుగు పడెను. కుర్రవాడు అక్కడికక్కడే ప్రాణము విడిచెను. అతని చుట్టు ముడుచుకొని నిలిచిన గొర్రెలలో తొమ్మిది చచ్చెను.

ఆ రాత్రి మేము వారి యింటికి వెళ్లితిమి. తల్లి మా ముఖములోనికి చూచి, "అయ్యగారూ, ఊళ్లోవాళ్లు మా పాపమే తగిలిందంటున్నారు. మేమేం పాపం చేశామయ్యా?" అని అడిగెను. మేము సెమినరీ విడిచి అప్పటికి రెండేండ్లు కాలేదు. జవాబు చెప్పక యూరకుండుట కాపరికి తగదని తలంచితిమి. "అమ్మా, దేవుడు కారణము లేక ఏదియు చేయడు. మనలను మనము పరీక్షించుకొనవలెను" అంటిమి. ఆమె మరి మాటాడలేదు. మంచిమాటయే చెప్పితిమనుకొని యింటికి వచ్చితిమి గాని నిద్ర పట్టలేదు. ఆమె అడిగినది "మాదా పాపము?" అని. మేము మెత్తని మాటలతో "అవును, మీదే" అని చెప్పి వచ్చితిమి.

గాలివాన, పిడుగు, తుపాను ఇవి మనుష్యుల పాపమును వెదకుకొనుచు వచ్చునా? ఈ నెల మనము ఈ ప్రశ్ననే ఆలోచింతము. జవాబు వెదకుటకు ముందు పిడుగు ఏలాగు పుట్టునో తెలిసికొనుట మంచిది. సంగతి తెలియనప్పుడు నేరము మోపుట మిక్కిలి సులభము.

గాలి కంటికి కనబడదు గనుక దానికి బరువు లేదనుకొందుము. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిలోని గాలిని తూచిన యెడల అది సుమారు 30 కిలోలుండును. పొడిగాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. మిగిలిన ఒక్క పాలులో ఎక్కువ భాగము ఆర్గాన్ అను వాయువు. బొగ్గుపులుసు వాయువు మిక్కిలి కొంచెము. వీటితో కలిసి నీటి ఆవిరియు నుండును. అది స్థలమును బట్టియు కాలమును బట్టియు హెచ్చుచు తగ్గుచు నుండును. మన మేఘములు, వానలు, ఉరుములు అన్నియు నేలనుండి సుమారు 16, 17 కిలోమీటర్ల ఎత్తులోపలనే జరుగును. భూమిని పెద్ద గుమ్మడికాయతో పోల్చితిమా, ఈ గాలిపొర దాని పైతోలువంటిది. మన బ్రతుకంతయు ఆ తోలులోనే యున్నది.

ఎండకు ముందుగా నేల కాగును. నేల తనను తాకియున్న గాలిని కాచును. కాగిన గాలి తేలికపడి పైకి లేచును. ఒక కిలోమీటరు పైకి పోయిన కొలది సుమారు ఆరు డిగ్రీల చొప్పున చలి హెచ్చును. పైకి లేచిన గాలిలోని ఆవిరి అక్కడ చల్లబడి సన్నని నీటి బిందువులై మేఘమగును. వేసవి మధ్యాహ్నములందు ఈ మేఘము కొండవలె పెరిగిపోయి, దాని శిఖరము గడ్డకట్టు చలిలోనికి చేరును. అచ్చట మంచు తునకలును చిన్న వడగండ్లును ఒకదానితో నొకటి ఒరసికొని విద్యుత్తు పుట్టించును. సాధారణముగా మేఘము పైభాగమున ధన విద్యుత్తు, క్రింది భాగమున ఋణ విద్యుత్తు చేరును. ఆ రెంటి బిగువు గాలి ఆపలేనంతగా పెరిగినప్పుడు మెరుపు పుట్టును. ఆ మెరుపు నేలను తాకినప్పుడు పిడుగు పడినదందుము. మెరుపు నడచిన దారిలోని గాలి క్షణములో సుమారు 30,000 డిగ్రీల వేడి కెక్కును. సూర్యుని పైభాగపు వేడికి అది అయిదు రెట్లు. ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించుటయే మనము వినెడి ఉరుము.

నేలకు దిగు మెరుపు ఎత్తుగా నిలిచినదానిని తరచుగా పట్టుకొనును. ఒంటిగానున్న చెట్టు, గుడి గోపురము, బయలున నిలిచిన మనిషి దానికి దారియగుదురు. చెట్టుమీద పడినది ప్రక్కనున్న దేహములోనికి దూకును. లేదా నేలలో ప్రాకి ఒక కాలునుండి ఎక్కి మరియొక కాలునుండి దిగును. ముందుకాళ్లకు వెనుకకాళ్లకు ఎడమెక్కువ గనుక పశువులు ఈ విధముగా ఎక్కువ చచ్చును. ఆ గట్టుమీద తొమ్మిది గొర్రెలు చచ్చుటకు కారణమిదే. గొర్రెలేమి పాపము చేసినవని ఆ ఊరిలో ఎవరును అడుగలేదు.

క్రైస్తవ సంఘ చరిత్రలోనే దీనికొక సాక్ష్యము కలదు. పూర్వము యూరోపు దేశములలో ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు, ఆ ధ్వనికి కీడు తొలగిపోవునని గుడి గంటలు మ్రోగించెడివారు. ఊరిలో కెల్ల ఎత్తైనది గుడి గోపురమే గనుక పిడుగు దానిమీదనే పడెడిది. తడిసిన త్రాటిని పట్టుకొని గంట వాయించుచున్న సేవకుడు మరణించెడివాడు. ఇట్టి మరణములు అనేకములు జరిగెను. 1752లో మెరుపు విద్యుత్తేయని ప్రయోగముల వలన తేలిన పిమ్మట, బెంజమిన్ ఫ్రాంక్లిన్ తలపోసిన ఇనుప కడ్డీని గోపురముల మీద నిలుపుట ఆరంభమాయెను. అప్పుడు కూడ కొందరు బోధకులు, దేవుని చేతిని అడ్డుకొనుట తగునా యని ఆక్షేపించిరి. కాని కడ్డీ నిలిపిన గోపురములు నిలిచినవి. పిడుగు పాపిని వెదకునదైన యెడల ప్రార్థన చేయుచు గంట కొట్టినవానిని చంపి, సారాయి దుకాణమును ఏల విడిచిపెట్టెను?

సిలోయములో గోపురము కూలి పదునెనిమిది మంది చచ్చినప్పుడు జనులు ఈ లెక్కయే వేసిరి. మిగిలినవారికంటె వారు ఎక్కువ అపరాధులనుకొనవద్దని ప్రభువు వారిని వారించెను. ఎండను వానను మంచివారికిని చెడ్డవారికిని సమముగా పంచుచున్నాడని బోధించినవాడును ఆయనే. ఈ భాగములను మేము సెమినరీలో చదివితిమి, పరీక్షలో వ్రాసితిమి. ఆ తల్లి యెదుట మాత్రము మరచితిమి. యోబు స్నేహితులు ఏడు దినములు అతని ప్రక్కన నేలమీద మౌనముగా కూర్చున్నంత కాలము మంచి స్నేహితులే. వారు చెడినది నోరు తెరచిన తరువాత.

అట్లయిన ఈ సంగతిలో పాపమే లేదందుమా? ఇక్కడ మనము తొందరపడకూడదు. ఒంటి చెట్టు క్రింద నిలుచుట అపాయమని మేము చిన్ననాడు బడిలోనే నేర్చుకొంటిమి. ఆ పల్లెలో రెండేండ్లు ప్రసంగములు చేసితిమి. వినువారిలో సగముమంది ఎండనక వాననక పొలములలో నుండువారే. ఒక్క ఆదివారమైనను ఈ మాట చెప్పలేదు. ఇది వాక్యసంబంధమైనది కాదని తలంచితిమి. కుర్రవాడు చెట్టు క్రిందికి పోయినది వేరు నీడ లేనందున, వేరు బుద్ధి చెప్పినవారు లేనందున. పాపము ఎక్కడనని వెదకినయెడల అది ఆ యింటిలో కనబడదు. మా మౌనములో కొంత కనబడును.

దీనినే పెద్ద కొలతలో చూడుడి. 1977 నవంబరు 19న దివిసీమను తాకిన తుపానును మన పెద్దలు నేటికిని మరువలేదు. వెచ్చని సముద్రపు నీటి ఆవిరియే తుపానునకు ఆహారము. ఆ దినమున సముద్రము సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచి పల్లెలమీదికి వచ్చెను. పదివేలమంది వరకు చనిపోయిరి. 1990 మే 9న అదే కృష్ణా డెల్టా తీరమును మరియొక మహా తుపాను తాకెను. ఈసారి చనిపోయినవారు వెయ్యికి లోపే. రెండు తుపానులును అన్ని విధముల ఒకటి కావు. అయినను ఇంత భేదమునకు ముఖ్య కారణము గాలి కాదు. ఉపగ్రహ చిత్రములు, రాడారు, ముందుగా చేరిన హెచ్చరిక, లక్షకు పైగా జనులను తీరము విడిపించుట, ఇవి ఆ ప్రాణములను కాపాడెను. పదమూడేండ్లలో ఆ తీరపు జనులు పరిశుద్ధులైపోలేదు. వారి కొరకు ముందుగా మేల్కొనియున్నవారు హెచ్చిరి, అంతే. తుపాను ధనికుని డాబాను పేదవాని పాకను ఒకే గాలితో కొట్టును. పాకలో నుండవలసినవారెవరని గాలి నిర్ణయింపలేదు. ఆ నిర్ణయము మనుష్యులది.

ఇంకొక మాట చెప్పవలసియున్నది. ఈ నాటి ఎండ, ఈ వారపు వాన, ఇది ఆ దినపు వాతావరణ స్థితి. ముప్పది యేండ్ల ఎండవానల సగటును చూచి ఒక ప్రాంతపు శీతోష్ణస్థితి యందుము. మొదటిది మనిషికి ఒక పూట వచ్చిన కోపమువంటిది, రెండవది అతని స్వభావమువంటిది. ఒక పూట కోపమును చూచి స్వభావమును తేల్చరాదు. అయితే ఇప్పుడు స్వభావమే మారుచున్నది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు మిక్కిలి కొంచెమంటిమి గదా. అది భూమికి గొంగళివంటిది, నేల వేడిని త్వరగా పైకి పోనియ్యదు. యంత్రముల కాలము రాకమునుపు గాలి పది లక్షల పాళ్లలో అది సుమారు 280 పాళ్లుండెను. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండమీద దానిని కొలుచుట ఆరంభించిన నాటికి సుమారు 315. నేడు 420 దాటినది. బొగ్గు, కిరసనాయిలు, పెట్రోలు కాల్చుట దీనికి ముఖ్య కారణము. భూమి సగటు వేడి అప్పటికంటె ఒక డిగ్రీకి పైగా హెచ్చెను. ఒక డిగ్రీ వేడి హెచ్చిన గాలి నూటికి ఏడు పాళ్లు ఎక్కువ ఆవిరి మోయగలదు. కావున కుండపోత వానలు అధికమగుచున్నవి.

చిత్రమేమనగా, మనము త్రోసివేసిన ప్రశ్న మరియొక ద్వారమున లోపలికి వచ్చినది. ఫలానా పిడుగు ఫలానావాని పొగవలన పడినదని ఎవరును చెప్పలేరు. కాని ఆకాశపు స్వభావము మారుటలో మనుష్యుల చెయ్యి యున్నదని మాత్రము చెప్పగలము. ఆ చెయ్యి ఎవరిది? గొర్రెలు కాచుకొనువానిది కాదు. అతడు జీవితమంతయు కాల్చినది నాలుగు కట్టెలు, కొంచెము కిరసనాయిలు. ఎక్కువ కాల్చినవారు గట్టి యిండ్లలో నున్నారు, తక్కువ కాల్చినవారు చెట్టు క్రింద నిలిచియున్నారు. పూర్వము దెబ్బ తగిలినవానినే దోషి యంటిమి. ఇప్పుడు లెక్క చూచినయెడల దెబ్బ తగిలినవాడే అందరికంటె నిర్దోషిగా కనబడుచున్నాడు. అందుచేత నష్టపడినవాని యింటికి వెళ్లునప్పుడు తీర్పు తీసికొని వెళ్లరాదు. అక్కడ మనము బాకీపడియున్నామేమో యని తలంచి వెళ్లవలెను.

కొన్నేండ్ల తరువాత మేము ఆ పల్లెకు తిరిగి వెళ్లి, ఆ తల్లిని చూచి, ఆ రాత్రి మాటకు క్షమాపణ అడిగితిమి. ఆమె కొంతసేపు చాటలోని బియ్యమును చూచుచు, "మీరు మంచికే చెప్పుంటారులే అయ్యగారూ. కానీ ఆ రాత్రి మీరు ఊరికే కూర్చున్నా నాకు చాలు" అనెను. ఆ మాటతో ఆమె మమ్మును క్షమించినదో, మందలించినదో మాకు నేటికిని తెలియదు.

ఇప్పుడు మా సంఘములో వేసవి ఆదివారములందు ప్రకటనలతోపాటు ఈ మాటలు కూడ చదువుచున్నాము. మీరును చదువుడి. ఉరుము వినబడెనా, పిడుగు మీకును పడునంత దగ్గరలో నున్నదని యెరుగుడి. మెరుపు చూచిన మూడు సెకండ్లకు ఉరుము వినబడిన అది ఒక్క కిలోమీటరు దూరమే. ఒంటి చెట్టు క్రింద నిలువకుడి. చెరువులో, నీరు నిలిచిన పొలములో నున్నవారు బయటికి రండి. ఇనుప తీగెల కంచెను తాకకుడి. గట్టి కప్పు గల యింటిలోనికి చేరుడి. ఇల్లు అందనప్పుడు చెట్లకు దూరముగా పల్లమున పాదములు దగ్గరగా చేర్చుకొని ముడుచుకొని కూర్చుండుడి, పండుకొనకుడి. కడపటి ఉరుము విన్న తరువాత అరగంట ఆగుడి. పిడుగు తగిలినవాని దేహములో విద్యుత్తు నిలిచియుండదు. భయపడక తాకి, ఊపిరి లేనియెడల గుండెమీద గట్టిగా నొక్కుచు వైద్యుని కొరకు పంపుడి.

ఇది ప్రసంగమా యని కొందరు మమ్మును అడిగిరి. పొలములోనున్న బిడ్డ సాయంకాలమున ఇల్లు చేరుటకు పనికివచ్చు మాటను బలిపీఠమునొద్దనుండి చెప్పుటకు మేము ఇక సిగ్గుపడము. మీ ఊరి పొలములలో, మందలు మేయు బీళ్లలో, వాన వచ్చినప్పుడు తల దాచుకొనుటకు గట్టి కప్పు ఒక్కటైన నున్నదో లేదో ఈ నెల సంఘ పెద్దలు కూడి చూడుడి. లేనియెడల దానిని కట్టుటయే మన మొదటి పని.