లోకం, మమత, దైవప్రేమ: కృష్ణా డెల్టా క్రైస్తవ జీవనం నేపథ్యంగా ఒక పరిశీలన

తెలుగు బైబిలులో 'లోకము' అనే మాట శ్రద్ధగా చదివేవారిని ఒకచోట ఆపుతుంది. యోహాను సువార్త మూడవ అధ్యాయంలో దేవుడు ప్రేమించినది లోకాన్నే. యోహాను మొదటి పత్రిక రెండవ అధ్యాయంలో విశ్వాసి ప్రేమించకూడనిదీ లోకాన్నే. గ్రీకు మూలంలో రెండుచోట్లా ఉన్నది 'కోస్మోస్' అనే ఒకే పదం. అనువాదకులు కూడా రెండుచోట్లా ఒకే తెలుగు పదాన్ని ఉంచి, చిక్కును కప్పిపుచ్చకుండా పాఠకుని ముందు పెట్టారు. దేవుడు ప్రేమించినదాన్ని దేవుణ్ణి ప్రేమించేవాడు ఎందుకు ప్రేమించకూడదు?

ప్రసంగ వేదికల మీద దీనికి తేలికైన సమాధానం ఉంది. మొదటిచోట లోకమంటే మనుషులు, రెండవచోట లోకమంటే భోగలాలస, డంబం, ఆస్తి. ఈ విభజన కొంతవరకే పనికివస్తుంది. లూకా సువార్త పద్నాలుగవ అధ్యాయంలో శిష్యుడు కాదలచినవాడు 'ద్వేషించ'వలసినవారిలో తల్లి, తండ్రి, భార్య, పిల్లలు ఉన్నారు. వారు భోగవస్తువులు కారు. అదే ఉపదేశాన్ని మత్తయి పదవ అధ్యాయం 'ఎక్కువగా ప్రేమించడం' అనే పోలికతో చెప్పి తీవ్రతను తగ్గించింది. హీబ్రూ నుడికారంలో ద్వేషించడమంటే తక్కువగా ఎంచడమేనని వ్యాఖ్యాతలు చెప్పే వివరణ సరైనదే. అయినా ఒక తెలుగు తల్లి చర్చిలో కూర్చుని ఆ వాక్యం విన్నప్పుడు ఆమె చెవిన పడేది 'ద్వేషించు' అనే మాటే. దైవప్రేమ హృదయంలోకి వచ్చినప్పుడు అంతకుముందు అక్కడున్న ప్రేమలు ఏమవుతాయి? తొలగిపోతాయా, స్థానం మారతాయా, లేక స్వభావమే మారతాయా? ఈ వ్యాసం పరిశీలించేది ఈ ప్రశ్ననే.

పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో గ్లాస్గో నగరంలో బోధకుడుగా ఉన్న స్కాట్లండ్ వేదాంతి థామస్ చామర్స్ (1780-1847) ఈ విషయంపై చేసిన ఒక ప్రసంగం ప్రొటెస్టంటు ప్రపంచంలో చాలా ప్రసిద్ధం. ఆయన వాదం సూటిగా ఉంటుంది. లోకం నిస్సారమని ఎంత నిరూపించినా హృదయం దాన్ని వదలదు, ఎందుకంటే హృదయం ఖాళీగా ఉండలేదు. ఒక అనురాగాన్ని బయటికి నెట్టగలిగేది మరొక అనురాగమే. అందువల్ల బోధకుడు లోకనింద మీద కాలం వెచ్చించక, దేవుని ప్రేమను హృదయానికి చూపాలి. కొత్త ప్రేమ వస్తే పాతది తనంతట తానే చోటు ఖాళీచేస్తుంది.

మన సాహిత్య విద్యార్థికి ఇది కొత్తగా తోచదు. ఉపవాసంతో విషయాలు దూరమైనా వాటిమీది రుచి మిగిలే ఉంటుందని, పరతత్త్వాన్ని దర్శించినప్పుడే ఆ రుచి సైతం పోతుందని భగవద్గీత రెండవ అధ్యాయం చెబుతుంది. పోతన ప్రహ్లాదుడు ఇదే అనుభవాన్ని తుమ్మెద, రాయంచ వంటి ఉపమానాలతో చెప్పాడు. శ్రేష్ఠమైన తేనె రుచి చూసిన తుమ్మెద సామాన్యమైన పువ్వు జోలికి పోదు. దానికి నిగ్రహంతో పనిలేదు, ఆ పువ్వు దానికిక గుర్తే రాదు. చామర్స్ తర్కంతో నిలబెట్టినదాన్ని పోతన రుచితో నిలబెట్టాడు. నా దృష్టిలో పోతన మార్గమే మనస్తత్త్వానికి దగ్గర. అయితే ఈ ఉపమానంలో ఒక వెలితి ఉంది. తుమ్మెద వదిలివెళ్లిన పువ్వుకు బాధ లేదు. మనిషి వదిలివెళ్లినది మనిషినైతే ఆ మనిషికి బాధ ఉంటుంది. ఈ వెలితిని వ్యాసం చివర మళ్లీ పరిశీలిస్తాను.

అంతకుముందు, వదులుకోవడం అనే భాషను తెలుగు క్రైస్తవులకు ఇచ్చినవారెవరో, దాన్ని నిత్యం పాడుకున్నవారెవరో చూడాలి. ఇచ్చినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803-1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన కవి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనంలో ఆయన కీర్తనల స్థానం అందరికీ తెలిసినదే. శతకకవుల వైరాగ్యధోరణి, కీర్తనకారుల ఆర్తి ఆయన రచనలో క్రీస్తు వైపు తిరిగాయి. దేహం అనిత్యమని, బంధువులు చివరిదాకా తోడురారని చెప్పే పలుకుబడి మనకు వేమన నాటికే ఉన్నది. చౌదరి దాన్ని కొత్తగా సృష్టించలేదు గాని, ఆ మాటకు ఆయన మూల్యం చెల్లించాడు. బాప్తిస్మంతో కులం పోయింది, దానితో వచ్చే గౌరవం పోయింది. అయినా ఆయన సన్న్యాసి కాలేదు. గృహస్థుగానే ఉండి సువార్త ప్రకటించాడు. ఆయన విడిచిన 'లోకం' భార్యాబిడ్డలు కాదు, పుట్టుకతో వచ్చిన హోదా.

ఆ కీర్తనలను తరతరాలుగా పాడుకున్న సమాజం వేరు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హైయర్ 1842 జులై 31న గుంటూరు చేరడంతో మొదలైన అమెరికన్ లూథరన్ మిషన్, తరువాతి దశాబ్దాల్లో డెల్టా పల్లెల్లోకి విస్తరించింది. తెనాలి, రేపల్లె ప్రాంతాలు అందులో భాగం. ఇక్కడ సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాల మాదిగ పల్లెల కూలీలు, పాలేర్లు. కృష్ణ కుడిగట్టున, అవతలి పులిగడ్డకు ఎదురుగా ఉన్న పెనుమూడి వంటి ఊరిని ఉదాహరణగా తలచుకుందాం. వరి పొలాలు, ఏటి వేట, వంతెన రాకముందు పడవ మీద సాగిన రాకపోకలు. ఇక్కడ పొలంలో నాట్లువేసి వచ్చిన స్త్రీ ఆదివారం ధనధాన్యాలు వ్యర్థమనే భావం గల కీర్తన పాడుతుంది. ఆ ధాన్యం ఆమెది కాదు. ఆమెకు లేనిదాన్ని ఆమె ఎలా వదులుకుంటుంది?

ఇది ఒట్టి అనుకరణ అని, పైకులపు కవి వైరాగ్యాన్ని కింది కులాల నోట పెట్టడమేనని ఒక విమర్శ ఉండవచ్చు. అందులో కొంత నిజం ఉంది. పేదవానికి వైరాగ్యం బోధించడం యజమానికి ఎప్పుడూ లాభమే. కాని ఆ స్త్రీ పాటలో జరుగుతున్నది అంతమాత్రమే కాదనుకుంటాను. ఆస్తి లేనివారిని లోకం పట్టి ఉంచేది ఆశతో కాదు, భయంతో. దొర ముఖం, కరణం మాట, ఊరి చూపు, తాను తక్కువదాన్నని చిన్ననాటి నుండి చెవిలో పోసిన నమ్మకం. ఇవీ హృదయంలో చోటు ఆక్రమించిన బంధాలే. మనిషి దేనికి లోబడి బతుకుతాడో దానికి బంధితుడు. దేవుడు తనను పేరుపెట్టి పిలిచాడన్న నమ్మకం ఆ చోటులోకి వచ్చినప్పుడు బయటికి పోయేది ఊరి చూపుకున్న అధికారం. చామర్స్ సూత్రం ఇక్కడ నిలుస్తుంది. అయితే చోటు ఖాళీచేసినది వాణిజ్యనగరపు శ్రోతలను ఆకర్షించిన సంపద కాదు.

గుఱ్ఱం జాషువా (1895-1971) ఈ వాదానికి ఒప్పుకునేవాడా? 'గబ్బిలం' (1941)లోని అరుంధతీసుతుడు లోకాన్ని త్యజించడు. తనకు నిరాకరించిన లోకాన్ని, అన్నాన్ని, గౌరవాన్ని తిరిగి అడగడానికే గబ్బిలాన్ని శివుని వద్దకు పంపుతాడు. అదే కవి 'క్రీస్తు చరిత్ర' వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. ఈ రెండు కావ్యాలను పక్కపక్కన పెట్టి చదివినవారికి నా పై వాదం మరీ సాత్వికంగా తోచవచ్చు. భయం పోయినంతమాత్రాన కడుపు నిండదు గదా. జాషువా అభ్యంతరం బలమైనది, దానిని అలాగే ఉండనివ్వాలి.

ఆ అభ్యంతరం నేడు మరొక రూపంలో కనిపిస్తుంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితుడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన సవరణలు క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలోకి వస్తారు. చౌదరికి బాప్తిస్మంతో కులం నిజంగానే పోయింది. పెనుమూడి పొలాల్లోని కూలీకి ఊరు కులాన్ని పోనివ్వలేదు, చట్టం మాత్రం పోయిందంటుంది. ఆరాధనలో ఒక పేరు, ధ్రువపత్రంలో మరొక మతం ఉంచుకున్న విశ్వాసిని 'లోకాన్ని ప్రేమించినవాడు' అని తీర్పుతీర్చే బోధకులున్నారు. ఆ తీర్పులో న్యాయం తక్కువ. బిడ్డ చదువు కోసం పట్టుకున్న కాగితం, డంబం కోసం పట్టుకున్న ఆస్తి ఒక్కటి కావు. సత్యం చెప్పవలసిన బాధ్యత విశ్వాసికి ఉన్నదనడాన్ని నేను కాదనను. ఆ సత్యానికి ఇంత వెల కట్టినవారి బాధ్యత అంతకన్నా ఎక్కువ.

ఆస్తి, హోదా, భయం ఇవన్నీ ఎలాగో తొలగిపోతాయనుకుందాం. తొలగని బంధం మృతులతోనిది. కృష్ణా ముఖద్వారపు జనానికి ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అవతలి ఒడ్డున దివిసీమను ముంచెత్తింది. ఇవతల రేపల్లె ప్రాంతపు తీరగ్రామాలూ దెబ్బతిన్నాయి. మృతులను వేలల్లో లెక్కించవలసి వచ్చింది. బిడ్డలను పోగొట్టుకున్న తల్లికి దైవప్రేమ మిగిలిన ప్రేమలను బయటికి నెడుతుందన్న సూత్రం ఏం చెబుతుంది? ఏడవవద్దని చెబుతుందా?

పుష్కరాల వేళ పెనుమూడి రేవులో స్నానానికి దిగినవారు పితరులకు పిండం పెడతారు. మృతునితో బంధం అక్కడ ఒక కర్మరూపంలో కొనసాగుతుంది. ప్రొటెస్టంటు క్రైస్తవునికి ఆ దారి లేదు, మృతుల కోసం ప్రార్థన సైతం ఆ సిద్ధాంతంలో లేదు. అయినా నవంబరులో సమాధుల పండుగ వస్తే డెల్టా పల్లెల్లో సమాధులకు సున్నం పడుతుంది, పూలు పడతాయి, కొవ్వొత్తులు వెలుగుతాయి. లూథరన్ కుటుంబాలూ ఇందులో వెనుకబడవు. దీన్ని అన్యాచారపు శేషమని కొందరు సణుగుతారు. సిద్ధాంతం ఖాళీచేయమన్న చోటును ప్రజలు ఖాళీచేయలేదు. వారి నడవడిలో సిద్ధాంతం కన్నా లోతైన వేదాంతం ఉన్నదని నా అభిప్రాయం.

దాన్ని అర్థంచేసుకోవడానికి అగస్టీను 'ఒప్పుకోలు' గ్రంథం తోడ్పడుతుంది. నాల్గవ అధ్యాయంలో యౌవనంలో చనిపోయిన మిత్రుని గురించి రాస్తూ, మరణించబోయే మనిషిని మరణమే లేనివానిగా ప్రేమించడం తన దోషమని చెప్పుకున్నాడు. ప్రేమించడం దోషమనలేదు. తొమ్మిదవ అధ్యాయంలో తల్లి మోనికా మరణం (387) వస్తుంది. అప్పటికి ఆయన విశ్వాసి. మొదట కన్నీటిని బిగబట్టి, తరువాత వదిలేశాడు. దైవప్రేమ వచ్చాక కూడా కన్నీరు వచ్చింది, కాని ఆ కన్నీటిలో నిరాశ లేదు. థెస్సలొనీకయులకు వ్రాసిన పౌలు వారించినది దుఃఖాన్ని కాదు, నిరీక్షణ లేని దుఃఖాన్ని. లాజరు సమాధి దగ్గర యేసు కూడా ఏడ్చాడు.

ఇక్కడ తెలుగు భాష మనకొక సాధనం ఇస్తుంది. 'మమ' అంటే 'నాది', మమత అంటే నాది అనే భావం. శాస్త్రపరిభాషలో అది అహంకారంతో జతగా వచ్చే దోషం. నేటి వాడుకలో మమత అంటే వాత్సల్యం, 'మమతానురాగాలు' అని జంటగా పలుకుతాం. ఒకే పదం దోషం నుంచి గుణానికి ప్రయాణించింది, బహుశా అనుభవంలో అవి రెండూ విడదీయరానంతగా కలిసి ఉండటం వల్లనేమో. దైవప్రేమ చేసే పని ఆ రెండింటినీ విడదీయడమని నాకు తోస్తుంది. పోయేది 'నాది' అనే పట్టు. ఈ మనిషి లేకపోతే నేను లేను, ఈ మనిషి నా కోసమే ఉండాలి అనే దావా. వాత్సల్యం పోదు. సమాధికి సున్నం వేసే తల్లి బిడ్డను ప్రేమించడం మానలేదు, బిడ్డ తనదేనన్న దావాను దేవునికి అప్పగించింది. ఆ దావా ఒక్కరోజున పోదని, ఏటేటా అప్పగించవలసి ఉంటుందని ఆ పండుగ ఏటా రావడమే చెబుతున్నది. లోకమనే పదానికి యోహాను ఇచ్చిన రెండు అర్థాలూ ఈ విభజనతో పొసగుతాయి. దేవుడు ప్రేమించినది లోకాన్ని, విశ్వాసి విడువవలసినది లోకం నాదనే పట్టును.

ఇక తుమ్మెద వదిలిన పువ్వు సంగతి. భక్తుని అంతరంగాన్ని వర్ణించే గ్రంథాలు అసంఖ్యాకం, భక్తుడు విడిచినవారి అంతరంగం గ్రంథస్థం కావడం అరుదు. అగస్టీను తన కొడుకు తల్లిని, పదిహేనేండ్లదాకా సహచరిగా ఉన్న స్త్రీని, కుటుంబం కుదిర్చిన మరొక వివాహం కోసం పంపివేశాడు. తన హృదయం రక్తం కారిందని వ్రాసుకున్నాడు. ఆమె పేరు మాత్రం వ్రాయలేదు. ఆ తరువాత ఆయన ఆ వివాహాన్నీ వదిలి దేవునివైపు తిరిగాడు. ఆమె తిరిగి ప్రస్తావనకు రాదు. తెలుగునాట 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు వంటివారు అవివాహితులుగా ఉండటం వేరు. వారు విడిచిన భార్య ఎవరూ లేరు. ఉన్నవారిని విడిచి సేవకు బయలుదేరడం వేరు. ఇంట్లో వృద్ధురాలైన తల్లిని, పిల్లలతో సతమతమయ్యే భార్యను ఉంచి 'ప్రభువు పిలిచాడు' అని వెళ్లినవారి కథలు సాక్ష్యాలుగా వింటుంటాం. వాటిలో చప్పట్లు వెళ్లినవానికే.

సువార్తల్లోనే దీనికి కఠినమైన అడ్డుకట్ట ఉంది. మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో 'కొర్బాను' ప్రస్తావన వస్తుంది. తల్లిదండ్రులకు చెందవలసిన సొమ్మును దేవునికి అర్పితమని ప్రకటించి, వారి పోషణ బాధ్యత నుంచి తప్పించుకునే ఆచారాన్ని యేసు నిశితంగా ఖండించాడు. దైవభక్తి పేరిట తల్లి అన్నం తీసుకోవడం ఆయన దృష్టిలో భక్తి కాదు. యోహాను పంతొమ్మిదవ అధ్యాయంలో సిలువ మీద నుంచి తల్లిని శిష్యునికి అప్పగించినదీ ఆయనే. లూకా పద్నాలుగులోని 'ద్వేషించు' అనే మాటను ఈ రెండు ఘట్టాలతో కలిపి చదవవలసి ఉంటుంది. అప్పుడు ఆ వాక్యం పట్టు వదలమంటుంది గాని బాధ్యత వదలమనదు. దావా పోయినచోట బాధ్యత మరింత బరువవుతుంది, ఎందుకంటే తల్లి ఇక 'నా' తల్లి మాత్రమే కాదు, దేవుడు ప్రేమించిన లోకంలో ఒక మనిషి. అగస్టీను పేరు వ్రాయని ఆ స్త్రీ, మొక్కుబడి పేరిట అన్నం పోయిన ఆ వృద్ధులు, మన సాక్ష్యాల్లో ఒక వాక్యంతో దాటిపోయే భార్యలు కూడా ఆ లోకంలోనివారే. తెలుగు క్రైస్తవ సాక్ష్యసాహిత్యంలో వారి వైపు నుంచి వ్రాసిన పుట కోసం వెదకవలసి ఉంది.