చూసొచ్చిన బాకీ

మా చిన్నాడపడుచు నాలుగేళ్ళుగా ఇంట్లోనే నగలు చేస్తోంది. నగలంటే బంగారువీ, వజ్రాలవీ అనుకునేరు! పట్టుదారం చుట్టిన గాజులతో మొదలుపెట్టి, పూసల దండలకీ, అక్కణ్ణించి కాల్చిన మట్టి జూకాలకీ వచ్చింది. ఇప్పుడు రాగితీగె వంచుతోంది. తనలాంటి వాళ్ళు హైదరాబాదులో పన్నెండుమంది ఒక జట్టుగా చేరారు. ఎవరికీ దుకాణం లేదు, పనివాళ్ళు లేరు. వంటగట్టు మీద ఒక పక్క పప్పు ఉడుకుతుంటే రెండో పక్క గమ్ము ఆరుతూ ఉంటుంది. ఒక్కళ్ళే కూచుని చేసుకునే పని కదా, తెలియనిది అడుగుదామంటే పక్కన మనిషుండదు. అందుకని మూణ్ణెల్లకోసారి తలా కాస్త డబ్బు వేసుకుని, నగలు తయారయ్యే చోటికి అందరూ కలిసి వెళ్ళి చూసొస్తారు. కిందటి మాఘమాసంలో కరీంనగర్ ప్రయాణం కట్టారు.

"వదినా, టెంపోలో ఒక సీటు ఖాళీగా ఉంది, రాకూడదూ? నీ నవలకి పనికొస్తుంది" అంది.

నవలకి పనికొస్తుందంటే నేను నరకానికైనా బయల్దేరతానట. ఆ మాట మావారిది, నాది కాదు.

కరీంనగర్ వెండితీగె పని, అదే ఫిలిగ్రీ, పేరు వినని వాళ్ళుండరు. 1905లో కరీంనగర్ జిల్లా కాకముందు, ఎలగందుల జిల్లాగా ఉన్న రోజుల్లోనే దానికి పేరుంది. పేరు వినడం వేరు, చేస్తుంటే చూడటం వేరు. మా తాతయ్య పిల్లల్ని కమ్మెచ్చులో తీసినట్టు పెంచాడని మా అమ్మమ్మ అంటూండేది. ఆ కమ్మెచ్చు ఎలా ఉంటుందో నలభై దాటాక అక్కడ చూశాను. ఒక ఇనప పలక, దానికి వరసగా పెద్దా చిన్నా బెజ్జాలు. వెండికడ్డీని పెద్ద బెజ్జంలో దూర్చి లాగుతారు. తర్వాత అంతకన్న చిన్నదాన్లోంచి, మళ్ళీ అంతకన్న చిన్నదాన్లోంచి. చివరికి తలవెంట్రుకలాంటి తీగె వస్తుంది. పాపం మా నాన్న, అనుకున్నాను.

ఆ తీగెలు రెంటిని పేని, బల్లపరుపుగా నొక్కుతారు. కాస్త మందపాటి తీగెతో ఆకో, పువ్వో, నెమలో చట్రం కట్టి, దాని కడుపులో ఈ సన్నతీగెని చుట్లు చుట్లుగా పట్టకారుతో నింపుతారు. వెలిగారం కలిపిన టంకంపొడి చల్లి మంట ఊదుతారు. ఒక్క క్షణం మంట ఎక్కువైందా, అల్లికంతా కరిగి ముద్దయి కూచుంటుంది. అయ్యాక పలచటి యాసిడ్‌లో ముంచి, కుంకుడు నురగతో తోముతారు. అచ్చం పండగపూట చంటిపిల్లకి తలంటినట్టే.

ఆ పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. జట్టువాళ్ళు అడిగిందల్లా చెప్పాడు. తలా ఒక తీగెముక్క ఇచ్చి చుట్టి చూడమన్నాడు. పన్నెండుమందిలో ఒక్కరికీ చుట్టు కుదరలేదు. ఆయన వేళ్ళు కదిలినంతసేపూ పన్నెండు సెల్‌ఫోన్లూ ఆయన చేతుల మీదే ఉన్నాయి. ఇల్లాలు రెండుసార్లు టీ ఇచ్చింది. పొద్దున పదింటికి వెళ్ళిన వాళ్ళం రెండింటికి గాని లేవలేదు.

"ఇలా అన్నీ చూపించేస్తే ఎలాగండీ?" అన్నాను.

ఆయన నవ్వాడు. "జూస్తే ఏం పోతది బిడ్డా! కండ్లతోని ఎత్కపొయ్యే పనైతే మా పోరగాండ్లు ఎప్పుడో ఎత్కపోదురు."

కొడుకులిద్దరూ ఈ పనిలోకి రాలేదట. "మరి ఆడపిల్లలు?" అన్నాను. ఉన్నారు, ఇద్దరు. "ఆండ్లకు నేర్పకపోతిమి. అత్తగారింటికి పని పట్కపోతరని మా నాయిన వద్దన్నడు." గ్లాసులు తీస్తున్న ఇల్లాలు ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళిపోయింది. కూతుళ్ళకి మూసిన తలుపు, టెంపోలో దిగిన పన్నెండుమంది పరాయి ఆడవాళ్ళకి బార్లా తెరిచాడన్నమాట. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఇక నా నిర్వాకం చెప్పాలి. అందరూ ఏదో ఒకటి కొంటుంటే నేనొక కుంకుమభరిణె చేతిలోకి తీసుకున్నాను. దూదిపింజలా ఉంది. "ఇంత తేలిగ్గా ఉంటే అంత ధరేమిటండీ?" అన్నాను. "తేలిక చేసెతందుకే గదమ్మా తిప్పలు" అన్నాడాయన. కూలి గ్రాముల లెక్కనట. అంటే తీగె ఎంత సన్నగా తీస్తే, అల్లిక ఎంత నాజూగ్గా అల్లితే, తూకం అంత తగ్గి కూలీ తగ్గుతుంది. పనితనం పెరిగినకొద్దీ సంపాదన తరిగే విద్య లోకంలో ఇంకేదన్నా ఉందేమో మీరే చెప్పండి. అంతా విని, అయ్యో అని, బేరం మాత్రం మానలేదు. బజార్లో నోరు తెరిస్తే బేరమే వచ్చే జన్మ కదా మనది! ఆయన తగ్గించి ఇచ్చాడు.

సిద్దిపేట దాకా ఆ గెలుపు తోనే వచ్చాను. అక్కడ టీ కోసం ఆగితే మా ఆడపడుచు చెబుతోంది: "నిన్న ఒకావిడ, దారమే కదమ్మా, దానికింత డబ్బెందుకు అంది వదినా! వేళ్ళు కోసుకుపోయేలా చుట్టింది నేను కాదూ?" చేతిలో టీ చల్లారిపోయింది.

నెల తర్వాత జట్టులో పెద్ద గొడవ. ఒకావిడ తను తీసుకొచ్చిన వీడియో చూపించి, అదే అల్లికని అచ్చు పోయించి, జూకాలు చేయించి అమ్మకానికి పెట్టింది. తప్పేమిటని దబాయింపు కూడాను. "వాళ్ళు చూపించారు, నేను చూశాను." చట్టం మాటెత్తితే ఆవిడ మాటే నెగ్గేట్టుంది. కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఆ పేరుకి కాపలా కాస్తుందే గాని, వేళ్ళు తిరిగిన వంపుకి కాయదు. ఆవిడ ఆ పేరు వాడనే లేదు.

నాకు కచుడు గుర్తొచ్చాడు. మృతసంజీవని నేర్చుకురమ్మని దేవతలు శుక్రాచార్యుడి దగ్గరికి పంపితే వెళ్ళాడు. బృహస్పతి కొడుకునని ముందే చెప్పి మరీ చేరాడు, ఏళ్ళ తరబడి సేవ చేశాడు. రాక్షసులు అతన్ని కాల్చి బూడిద చేసి, గురువు చేత కల్లులో తాగించారు. గురువు కడుపులో ఉండి విద్య నేర్చుకుని, ఆ పొట్ట చీల్చుకుని బయటికొచ్చి, నేర్చిన విద్యని మొట్టమొదట ప్రయోగించింది చచ్చిపడి ఉన్న గురువు మీద. దేవయాని సంగతి వేరే కథ. ఆ ఒక్క పనివల్లే కావచ్చు, కచుణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాదు. ఈ జూకాలావిడని అంటే మాత్రం మరి నన్నేమనాలి? ఆ ఇల్లాలు గ్లాసులతో ఆగిన క్షణాన్ని నేను టెంపో కదలకముందే నోటుబుక్కులో రాసుకున్నాను. ఆవిడ పేరైనా అడగలేదు.

వచ్చే ప్రయాణం దగ్గర్లోదే, లాడ్‌బజారు లక్కగాజుల వాళ్ళ దగ్గరికి. టెంపో ఖర్చుతోపాటు, మనం పని ఆపించిన వాళ్ళకి ఆ పూట కూలి కూడా వేసుకుందామంది మా ఆడపడుచు. గురువుకి కూలివ్వడమేమిటి, అవమానం కాదూ అంది ఒకావిడ. ఇంకా తేల్చుకోలేదు.

నేను మటుకు ఆ పెద్దాయనకి ఫోను చేసి, ఆ వేళ తగ్గించిన డబ్బు పంపుతానన్నాను. "అయిపోయిన బేరం గదమ్మా, మల్ల దాని ముచ్చటెందుకు?" అన్నాడు. ఆగి, "మూత మంచిగ పడుతున్నదా? వదులైతే పట్కరాండ్రి, సరిజేసిస్త" అన్నాడు.

వదులైందన్నాను. అబద్ధం. మళ్ళీ వెళ్ళడానికి ఒక వంక కావాలిగా.