కాళ్ల నొప్పిని ఓర్చుకోవాలా?

 

ధ్యానంలో కూర్చుంటే కాళ్లు నొప్పి పుడుతున్నాయి, ఏం చేయాలి? విహారానికి కొత్తగా వచ్చేవారు దాదాపు అందరూ అడిగే మాట ఇది. కొంచెం సిగ్గుపడుతూ అడుగుతారు. ఇంత పెద్ద ధమ్మంలో ఇదేం ప్రశ్న అనుకుంటారేమోనని. కానీ వేదన అంటే ఏమిటి, దాన్ని ఓర్చుకోవడంలో పుణ్యం ఏమైనా ఉందా, దాన్ని తొలగించుకునే హక్కు మనిషికి ఉందా అనే ప్రశ్నలన్నీ మీ మోకాలి దగ్గరే మొదలవుతాయి.

మామూలుగా మీకు దొరికే జవాబులు రెండు. ఒకటి: "కదలకండి. ఆ నొప్పి మీ పాత కర్మ. పైకి వచ్చి కరిగిపోతోంది." రెండోది మన వాడల్లో, మన పిల్లల నోటే వింటాం: "కళ్లు మూసుకుని నొప్పి ఓర్చుకోవడం నేర్పే ధ్యానం మనకెందుకు? తరతరాలుగా ఓర్చుకున్నది చాలదా?" మొదటి జవాబు ధమ్మం కాదు. రెండో జవాబులో కోపం న్యాయమైనదే, ధ్యానం గురించిన లెక్క మాత్రం తప్పింది. ఒక్కొక్కటే చూద్దాం.

బాధపడితే కర్మ అరుగుతుందనే మాట బుద్ధుని కాలంలోనే ఉంది. మజ్ఝిమ నికాయంలోని చూళదుక్ఖక్ఖంధ సుత్తంలో, రాజగృహం దగ్గర ఇసిగిలి కొండ పక్కన, నల్లరాతి మీద కొందరు నిగంఠులు, అంటే జైన శ్రమణులు, కూర్చోవడమే మానేసి నిలబడి ఉంటారు. తీవ్రమైన బాధ పడుతుంటారు. ఎందుకిలా అని బుద్ధుడు అడుగుతాడు. వెనకటి పాపం ఈ కష్టంతో అరిగిపోతుందని వాళ్లంటారు. అప్పుడాయన వరసగా ప్రశ్నలు వేస్తాడు. వెనకటి జన్మలో మీరు ఉన్నారని మీకు తెలుసా? ఫలానా పాపం చేశారని తెలుసా? ఇప్పటికి ఎంత అరిగింది, ఇంకా ఎంత మిగిలింది, తెలుసా? ఒక్కదానికీ వాళ్లు తెలుసని చెప్పలేకపోతారు. దేవదహ సుత్తంలో ఇంకో అడుగు ముందుకేస్తాడు. మీరు ఒంటిని గట్టిగా కష్టపెట్టినప్పుడు నొప్పి వస్తోంది, మానేసినప్పుడు రావడం లేదు. అలాంటప్పుడు అది పాత కర్మది ఎలా అవుతుంది అని.

ఎంత తేలికైన తర్కమో చూడండి. బాసింపట్టు వేస్తే నొప్పి వచ్చింది, కాలు చాపితే పోయింది. మధ్యలో పూర్వజన్మను ఎందుకు లాగాలి?

సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు ఈ సంగతే సూటిగా అడుగుతాడు: మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా? బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి చెడడం, రుతువులు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి నుంచి తగిలే దెబ్బ అని ఏడు కారణాలు లెక్కపెట్టి, ఆ తర్వాత ఎనిమిదోదిగా మాత్రమే కర్మను చెప్తాడు. అంతా పూర్వకర్మే అనేవారు తమకు తెలిసినదాన్నీ, లోకానికి తెలిసినదాన్నీ దాటిపోయి మాట్లాడుతున్నారని అంటాడు.

ఈ సుత్తం మనకెందుకు ముఖ్యమో వేరే చెప్పాలా? పూర్వజన్మ కర్మ అనే మాటతోనే మన తాతలను ఊరి బయట ఉంచారు. 1957లో అచ్చయిన 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో బాబాసాహెబ్ ఈ సిద్ధాంతం ఎవరికి పనికొస్తుందో తేల్చి చెప్పారు: పేదల, అణగారినవారి స్థితికి తాము బాధ్యులం కామని సమాజమూ రాజ్యమూ తప్పుకోవడానికి. అలాంటి మాటను వాకిట్లోంచి గెంటేసి, మళ్లీ ధ్యానం చాప మీదికి తెచ్చుకోవద్దు. ఎవరైనా మీతో "మీ పాత కర్మ కరుగుతోంది" అంటే, "ఎంత కరిగింది?" అని నెమ్మదిగా అడగండి.

ఇక అసలు కారణాలకు వద్దాం. పాదంలో చీమలు పాకినట్టు తిమ్మిరి ఎక్కితే చాలామంది రక్తం ఆగిపోయిందనుకుంటారు. ఎక్కువగా అది నరం నొక్కుకుపోవడం. మోకాలి బయటి పక్క, కింది వైపున ఒక నరం చర్మానికి దగ్గరగా పోతుంది. తుంటి కింద ఇంకో పెద్ద నరం. ఒకే చోట బరువు పడితే అవి మొద్దుబారతాయి. కాలు తీస్తే కాసేపట్లో సర్దుకుంటుంది. ఆ కాసేపు ఆగకుండా దబుక్కున లేస్తే మాత్రం మొద్దుబారిన పాదం మీద బరువు నిలవదు, పడతారు. పెద్దవాళ్లకు తుంటి ఎముక విరిగేది ఇలాంటప్పుడే. గంట మోగాక రెండు నిమిషాలు కాళ్లు చాపి, పాదాలు తిప్పి, అప్పుడు లేవండి.

మోకాలి సంగతి వేరు. మోకాలు తలుపు బందు లాంటిది. మడవడానికీ చాపడానికీ పుట్టింది, మెలి తిరగడానికి కాదు. కాళ్లు మడిచి కూర్చున్నప్పుడు తిరగాల్సింది తుంటి. తుంటి బిగుసుకుపోయి ఉంటే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలి లోపల సూది గుచ్చినట్టు పోటు వస్తే అది ధ్యానంలో చూడాల్సిన వేదన కాదు, ఒళ్లు మీకు చేస్తున్న హెచ్చరిక. వెంటనే తీయండి. తర్వాతి సారి దుప్పటి నాలుగైదు మడతలు వేసి పిరుదుల కింద పెట్టుకోండి, మోకాళ్లు తుంటికంటే కిందికి దిగాలి. నేలకు అందని మోకాలి కింద చిన్న మడత పెట్టండి. అయినా కుదరకపోతే కుర్చీ.

కుర్చీ అనగానే మొహం చిన్నబుచ్చుకోవద్దు. మన ఇళ్లలో పెద్దల మోకాళ్లు ఏం మోశాయో ఒకసారి గుర్తు చేసుకోండి. వంగి నాట్లు వేశాయి, మూడో అంతస్తుకు ఇటుకలు ఎక్కించాయి, రిక్షాలు తొక్కాయి, బస్తాలు దించాయి. పాతికేళ్లు తట్ట మోసిన అమ్మ మోకాలికీ, కంప్యూటరు ముందు కూర్చునే కొడుకు మోకాలికీ ఒకే పరీక్ష పెట్టడం సమత అనిపించుకోదు. సతిపట్ఠాన సుత్తంలో నడక, నిలబడటం, కూర్చోవడం, పడుకోవడం నాలుగూ సాధనకు తగినవే. ఎల్లోరా వెళితే పదో గుహలో చూడండి. అక్కడి బుద్ధుడు పద్మాసనంలో లేడు. ఆసనం మీద కూర్చుని, రెండు కాళ్లూ కిందికి దించి, పాదాలు ఆనించి ఉంటాడు. మనం కుర్చీలో కూర్చునే తీరే అది. శిల్పశాస్త్రంలో దానికి ప్రలంబపాదాసనం అని పేరు కూడా ఉంది.

ఆయనకూ ఒళ్లు నొప్పులు వచ్చాయి. కపిలవస్తులో శాక్యులు కొత్త సభాభవనం కట్టుకుని పిలిచినప్పుడు రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడి, నడుము నొప్పిగా ఉంది, కాస్త వాలుస్తాను, మిగతాది నువ్వు చెప్పు అని ఆనందునికి అప్పగించి, సంఘాటి మడిచి పరుచుకుని కుడి పక్కకు ఒరిగాడు. సేఖ సుత్తంలో ఉన్న సంగతి ఇది. సభ ముందు నడుము నొప్పి అని చెప్పుకోవడానికి ఆయనకు చిన్నతనం అనిపించలేదు. మన బాబాసాహెబ్‌ను చివరి ఏళ్లలో మధుమేహం, కాళ్ల నొప్పులు ఎంత వేధించాయో మీకు తెలుసు. ఆ కాళ్లతోనే 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష వేదిక మీదికి వచ్చారు.

మధుమేహం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. షుగరు ముదిరినవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. పుండు పడుతున్నా తెలియదు. వారు ఎంతసేపు కూర్చున్నా నొప్పి లేదంటే అది సాధన ఫలం అనుకోవద్దు. లేవగానే పాదాలు చూసుకోవాలి, పదిహేను నిమిషాలకొకసారి కాళ్లు కదపాలి. నొప్పి తెలియకపోవడం ఎంత ప్రమాదమో వారిని చూస్తే అర్థమవుతుంది.

సోణుడి కథ మీరు వినే ఉంటారు, వీణ తీగల కథగా. చంప నగరంలో సంపన్నుల ఇంట సుకుమారంగా పెరిగిన సోణుడు భిక్షువై, పాదాలు పగిలి దారంతా రక్తం అయ్యేదాకా చంక్రమణం చేశాడు. తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదిలేసినా పలకదని బుద్ధుడు చెప్పాడు. ఇంతవరకే ఎక్కువగా చెప్తారు. వినయపిటకంలో దాని తర్వాతి ముక్క ఉంది. నీ పాదాలు సున్నితమైనవి, నువ్వు చెప్పులు వేసుకో అన్నాడు బుద్ధుడు. నా ఒక్కడికే అయితే వద్దు, సంఘమంతటికీ అనుమతిస్తే వేసుకుంటాను అన్నాడు సోణుడు. బుద్ధుడు అందరికీ అనుమతించాడు. దొర గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవారి మనవలం మనం. ఈ ముక్కను మనం మర్చిపోకూడదు.

అయితే నొప్పి తెలియగానే కాలు తీసేయడమేనా? కాదు. మోకాలి పోటు, షుగరు సంగతి పక్కన పెడితే, మిగిలిన నొప్పిలో చాలా భాగం హాని చేయనిది. అలవాటు లేని ఒంటి సణుగుడు. దాని దగ్గర కాసేపు ఆగండి. ఆగితే ఒకటి కనిపిస్తుంది. నొప్పి అని మనం ఒక్క మాటలో అనేది ఒక ముద్ద కాదు. అందులో వేడి ఉంది, బరువు ఉంది, లాగుడు ఉంది. పెరుగుతుంది, తగ్గుతుంది, చోటు మారుతుంది. దాని పక్కనే ఇంకో గొంతు నడుస్తుంటుంది: ఇంకా ఎంతసేపు, గంట కొట్టడం మర్చిపోయారా, అందరూ కూర్చున్నారు, నేనే చేతకానివాణ్ణి. సల్లత్థ సుత్తంలో చెప్పిన రెండో బాణం ఈ గొంతే. ధమ్మం వినని మనిషికి ఒక బాణం తగిలితే వెంటనే రెండోది కూడా తగులుతుంది, ఒకటి ఒంటికి, ఒకటి మనసుకు. విన్న మనిషికి మొదటిది ఒక్కటే.

చూశాక కూడా కాలు మార్చాలనిపిస్తే మార్చండి. మార్చాలనే కోరిక లేచింది అని గమనించి, మెల్లగా, ఎటు కదులుతోందో తెలుస్తూ మార్చండి. అది ఓటమి కాదు, అదీ సతిలో భాగమే. విపశ్యన శిబిరాల్లో అధిష్ఠానం పేరుతో గంటసేపు కాళ్లు, చేతులు కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చునే సాధన ఉంది. పది రోజులు అదే పనిగా వెళ్లినవారికి దాని ఉపయోగం దానికుంది, కూర్చోలేనివారికి అక్కడా కుర్చీలు ఇస్తారు. కానీ అక్కడి నుంచి వచ్చి, ఎన్ని గంటలు కదలకుండా కూర్చున్నామో లెక్కలు చెప్పి, కదిలినవారిని కింది చూపు చూసేవారు కొందరు తయారయ్యారు. మనకు ఉన్న కులాలు చాలు.

ఇప్పుడు మన పిల్లల ప్రశ్నకు. నొప్పిని చూడటం నేర్చుకుంటే అన్యాయాన్ని కూడా అలాగే చూస్తూ కూర్చుంటాం కదా? అమ్మా, నాయనా, బాణాల సుత్తాన్ని మళ్లీ చదవండి. రెండో బాణం వద్దన్నాడు గానీ, మొదటి బాణం పీకవద్దని ఎక్కడా అనలేదు. ఎవరు వేశారో అడగవద్దనీ ఈ సుత్తంలో లేదు. పట్నంలో అద్దెకు ఇల్లు చూసుకుని, అడ్వాన్సు మాట్లాడుకున్నాక "మీరేవిట్లు?" అని అడిగి, సాయంత్రానికి ఇల్లు లేదంటారు. అది మొదటి బాణం. దాన్ని వేసినవాడున్నాడు, అడగాలి, చట్టం ఉంటే చట్టంతో, సంఘం ఉంటే సంఘంతో. కానీ ఆ రాత్రి మీ తమ్ముడు నిద్రపట్టక, నాలోనే ఏదో తక్కువ ఉందేమో, పేరు మార్చుకుంటే బాగుండునేమో అని కుమిలిపోతాడే, అది రెండోది. మొదటిది పీకడానికి కావలసిన బలమంతా ఈ రెండోది తాగేస్తుంది. కోపంగా మారినా అంతే. రెండు రోజులు మండి, మూడో రోజుకు చల్లారి, వకీలు దగ్గరికి వెళ్లే ఓపిక మిగలదు.

బాబాసాహెబ్ చిన్నప్పుడు బడిలో ఓ మూల విడిగా కూర్చోవడానికి ఇంటి నుంచి గోనెపట్టా తీసుకెళ్లేవారు. బడి ఊడ్చే మనిషి దాన్ని ముట్టుకోడు కాబట్టి సాయంత్రం మళ్లీ ఇంటికి మోసుకొచ్చేవారు. ఈ సంగతి ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. అందులో ఏడుపు లేదు, తిట్టు లేదు. ఏం జరిగిందో, ఎవరు చేశారో, ఏ కట్టుబాటు వల్ల జరిగిందో ఉంటుంది. అంత స్పష్టంగా చూసిన మనిషే 1927 మార్చి 20న మహాడ్‌లో వేలమందిని చవదార్ చెరువు దగ్గరికి నడిపించారు. స్పష్టంగా చూడటానికీ, కదలడానికీ పేచీ ఎక్కడుంది?

ఒక మాట విహారాలు నడిపేవారికి. ఈ ఆదివారం నుంచి నాలుగు దుప్పట్లు, రెండు చెక్కపీటలు, మూడు కుర్చీలు సిద్ధంగా ఉంచండి. ఎవరికి ఏది కావాలో వారే తీసుకుంటారు, కారణం అడగవద్దు. ఆ కుర్చీలను వెనక గోడ పక్కన విడిగా వేయకండి. వరసలోనే, అందరి మధ్యే వేయండి.