నాన్న బండి క్యాపులు

జిగణి ఇండస్ట్రియల్ ఏరియాలో మదనపల్లె మేస్త్రి ఒకాయనకి బోరింగ్ షెడ్డు ఉండేది. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసే కుర్రాడొకడు ఆయన దగ్గరికి రెండు ఇంజను బ్లాకులు తెచ్చాడు. ఒకటి వాళ్ల నాన్న నడిపిన అంబాసిడర్‌ది. వాటర్ జాకెట్ దగ్గర పగిలిపోయింది. రెండోది పాత ఇనుప సామాన్ల కొట్లో కొన్నది. రెండూ 1489 సీసీవే, ఇంగ్లండు బీఎంసీ నమూనాకి హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసినవే.

"ఈ రెండోదాన్ని మా కారుకి తగ్గట్టు మార్చాలి తాతా," అన్నాడు.

మేస్త్రి డయల్ గేజితో కొలిచాడు. సిలిండర్లు అరిగి కోలగా అయ్యాయి. 73 మిల్లీమీటర్ల బోరుని 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెంచి హోనింగ్ పట్టాడు. డైనమో బదులు ఆల్టర్నేటర్ కావాలంటే బ్రాకెట్టు మార్చి, చెడిన మరలకి మళ్లీ ట్యాపు కొట్టాడు.

క్రాంకుషాఫ్టు కూర్చోబెట్టే రోజు బోల్టులు తానే బిగిస్తానన్నాడు కుర్రాడు. కొన్న బ్లాకుతో వచ్చిన మూడు మెయిన్ బేరింగ్ క్యాపులూ తుప్పుపట్టి ఉన్నాయి. నాన్న బ్లాకు క్యాపుల్ని అతను కిరసనాయిలుతో కడిగి తళతళలాడించి తెచ్చాడు. నాన్న గుర్తు కొంతైనా బండిలో ఉండాలని వాటినే పెట్టాడు. బోల్టు రంధ్రాలు చక్కగా కలిశాయి. బిగించాక క్రాంకు కదల్లేదు. పొడుగు రాడ్డు తగిలించబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"బలం పెట్టొద్దు నాయనా, విప్పు."

తుప్పు క్యాపుల్ని వైరు బ్రష్షుతో రుద్ది, వాటి మీది గుర్తులు చూసుకుని ఎక్కడివక్కడ బిగించాడు. క్రాంకు ఒంటిచేత్తో తిరిగింది.

"రెండూ ఒకే కంపెనీవి కదా తాతా?"

"కంపెనీ ఒకటే. ఈ మూడింటినీ ఈ బ్లాకుకే బిగించి, ఆ చివర నుంచి ఈ చివరికి ఒకే వరసన బోరు కొట్టినారు. సగం గుండ్రం బ్లాకులో, సగం క్యాపులో. వేరేవి పెడితే వెంట్రుకలో సగం తేడా వచ్చినా క్రాంకు పట్టేస్తుంది. మీ నాయనవి ఇంట్లో దాచుకో."

నీతి: పోయినవాళ్ల మీది ప్రేమని వచ్చినవాళ్ల మీద బిగించకూడదు. పెద్దకొడుకు పోయిన ఇంట్లో చిన్నవాణ్ణి అన్నలా ఉండమంటాం. కొత్త కోడల్లో వెళ్లిపోయిన కూతుర్ని వెతుకుతాం. వాళ్లు కదలకపోతే ఇంకా గట్టిగా తిప్పుతాం. ఎవరు ఎక్కడ, ఎవరితో కలిసి రూపుదిద్దుకున్నారో ముందు తెలుసుకోవాలి. పైపై మార్పులకి ఆ తరవాత చాలా చోటుంటుంది.

ఇంజను సంగతికొస్తే, వేరే క్యాపుల్నీ లైన్ బోరింగ్‌తో, అంటే మళ్లీ ఒకే వరసన బోరు కొట్టి, కుదర్చవచ్చు. కాని వాటి అంచులు అరగదీయాలి, ఆ మేరకు క్రాంకు బ్లాకులోకి జరుగుతుంది, టైమింగ్ చైను వదులవుతుంది. సొంతవి పోగొట్టుకున్నవాళ్లకి ఆ దారి తప్పదు. ఉన్నవాళ్లు విప్పేటప్పుడే ఒక్కోదాని మీద 1, 2, 3 అని పంచ్ కొట్టి, ఇంజను ముందువైపు ఎటో గుర్తు పెట్టుకోవాలి.