పందిరి వెలుపల నిలిచిన విధవరాలు

ధ్యానభాగములు: 2 రాజులు 4:1-7, ఆమోసు 5:21-24



బీదల సహాయార్థము పాట కచేరి పెట్టి, టికెట్లు అమ్మి, వచ్చిన సొమ్మును వారికిచ్చినయెడల అది దానమగునా? టికెట్టు కొన్నవాడు పాట విని ఆనందించెను. తన రూపాయికి తగిన ఫలమును అక్కడనే పుచ్చుకొనెను. అతడిచ్చినది దేవుని యెదుట కానుకయా, లేక కొనుగోలా? ఇది పట్టణపు సంఘముల ప్రశ్నయని తలంపవద్దు. కొత్తగూడ ప్రాంతపు మా చిన్న సంఘములోను ఇది పుట్టినది. ఆ సంగతి చెప్పుటకు ముందు, ఇట్టి కచేరిలలో మిక్కిలి పేరుపొందిన దానినిగూర్చి కొంచెము వినుడి.

హాండెలు అను సంగీత విద్వాంసుడు 1685లో జర్మనీ దేశమున పుట్టి, లండను పట్టణమున స్థిరపడెను. అతడు 1741వ సంవత్సరమున 24 దినములలో ‘మెస్సీయ’ అను గొప్ప గానమును వ్రాసెను. దాని మాటలను చార్లెస్ జెన్నెన్సు అనునతడు పరిశుద్ధ గ్రంథమునుండి ఏర్చి కూర్చెను. క్రిస్మసు కాలమున మన యౌవనులు నేర్చుకొనగోరు హల్లెలూయ కోరసు అందులోనిదే. పాడువారు హెచ్చు గొంతు, తగ్గు గొంతులనుబట్టి నాలుగు వరుసలుగా విడిపోయి, ఎవరి వరుస వారు పాడుచు, అందరును ఒక్క పాటగా కలియుట దాని పద్ధతి.

అది మొట్టమొదట 1742 ఏప్రిల్ 13న ఐర్లండులోని డబ్లిను పట్టణమున ఒక సంగీతశాలలో పాడబడెను. అది ధర్మకార్యమునకై జరిగిన కచేరి. సుమారు 700 మంది వచ్చిరి. చోటు చాలుటకై పురుషులు కత్తులు ధరింపక, స్త్రీలు తమ పావడాల క్రింది వెడల్పు చట్రములు లేక రావలెనని ముందుగానే కోరిరి. దాదాపు 400 పౌన్లు పోగాయెను. దానిని మూడు పాళ్లు చేసి, రెండు పాళ్లు బీదలకు వైద్యము చేయు రెండు ఆసుపత్రులకును, ఒక పాలు అప్పుల చెరసాలలోని వారికిని ఇచ్చిరి. ఆ కాలమున అప్పు తీర్చలేనివానిని చెరలో వేయుచుండిరి. చెరలోనున్నవాడు సంపాదింపలేడు, సంపాదింపనివాడు అప్పు తీర్పలేడు. కనుక అది బయటికి త్రోవలేని గుంట. ఆ ఒక్క కచేరి సొమ్ముతో 142 మంది ఆ గుంటనుండి బయటపడిరి. పెట్టుబడికి అప్పు తెచ్చి, పంట పోయి, షావుకారు వాకిట నిలిచిన మనవారికి ఈ మాట బాగుగా తెలియును.

అయితే అప్పుడును అభ్యంతరము లేకపోలేదు. ఆ పట్టణపు ఒక పెద్ద దేవాలయమునకు అధికారిగానున్న జోనాథన్ స్విఫ్టు, తన గాయకులు ఆ సంగీతశాలకు పోయి పాడరాదని ఆ యేటి జనవరిలో ఆజ్ఞ వ్రాసెను. అయినను ఏప్రిల్ నాటికి వారు పాడనే పాడిరి.

ఇప్పుడు మా సంగతి. కొన్నియేండ్ల క్రిందట మా సంఘస్థుడొకడు జబ్బుచేసి చనిపోయెను. వైద్యమునకు తెచ్చిన అప్పు అతని భార్యమీదను ఇద్దరు పిల్లలమీదను పడెను. మా యౌవనులు హల్లెలూయ కోరసును రెండు నెలలు అభ్యాసముచేసి, పత్తి ఏరుట ముగిసిన తరువాత ఒక రాత్రి కచేరి పెట్టి, ఆ యిల్లాలికి సహాయము చేయ తలచిరి. టికెట్టు 50 రూపాయలు, ముందు కుర్చీలకు 200. సంఘపెద్ద ఒకాయన ఒప్పుకొనలేదు. “అయ్యగారూ, దేవుని పాటకు ధర కట్టుడేంది?” అనెను. నేను యౌవనుల పక్షమున నిలిచితిని.

ఆ రాత్రి పందిరి నిండెను. నర్సంపేటనుండి, గూడూరునుండి కూడ విశ్వాసులు వచ్చిరి. పాట చక్కగా సాగెను. నా మనస్సు పొంగెను. అందులో గర్వము కూడ ఉండెనని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను. ముగిసిన తరువాత వెలుపలికి రాగా, చింతచెట్టు క్రింద, వంటపాత్రల ప్రక్కన, ఆ విధవరాలు పిల్లలతో నిలిచియుండెను. “ఈడ నిలవడ్డవేందమ్మా?” అంటిని. ఆమె, “టికెట్టు లేకపాయె గదా అయ్యగారూ, లోపలికి రావొచ్చో రావద్దో తెల్వకపాయె. ఈడికి గూడ మంచిగనే ఇనవడ్డది” అనెను. ఎవరికొరకు పాడితిమో ఆమెకు చోటు పెట్టుట మాలో ఒక్కరికిని తోచలేదు. ముందు కుర్చీలలో ఎవరెవరు కూర్చుండవలెనో వ్రాసిన చీటీ నా జేబులోనే ఉండెను.

చదువరీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోగైన సొమ్ము ఆమె అప్పులో సగమునకు కొంచెము తక్కువ. ఆ సొమ్ము నిజమైనది. దానిని నేను తృణీకరింపను. చెర విడిచిన ఆ 142 మందిలో ఎవడును తనను విడిపించిన నాణెము భక్తినుండి వచ్చెనా, వేడుకనుండి వచ్చెనా అని అడిగియుండడు. మరునాడు ఆ పెద్ద కూడ నా యొద్దకు వచ్చి, “పాట లేకుంటే ఇంతమంది ఇచ్చేటోళ్లా?” అని తానే ఒప్పుకొనెను. పాట మన బిగిసిన చేతిని విప్పును. అది దేవుడిచ్చిన మేలే.

గాని చేయి విప్పినంతమాత్రమున హృదయము విప్పబడదు. ఆమోసు ప్రవక్త కాలమున ఇశ్రాయేలీయుల వాద్యములు అపశ్రుతి పలికినందున దేవుడు వారి పాటలను త్రోసివేయలేదు. పాట సాగుచుండగా గుమ్మమునొద్ద బీదవానికి న్యాయము లేకపోయెను గనుక త్రోసివేసెను. టికెట్టులో పాపము లేదు. టికెట్టు కొనినందున నా బాధ్యత తీరెననుకొనుటలోనే అపాయమున్నది. దానము చేసితిమన్న తృప్తిని ఇంటికి తెచ్చుకొందుము. ఎవరికొరకు చేసితిమో వారి ముఖమును చూడము.

హాండెలు కథలో మరియొక భాగము కలదు. లండనులో థామస్ కోరము అను ఓడ నాయకుడు వీధిలో విడువబడిన పసిబిడ్డలకొరకు 1739లో రాజశాసనము పొంది ఒక ఆశ్రమము స్థాపించెను. 1750 మే 1న హాండెలు ఆ ఆశ్రమపు గుడిలోనే ‘మెస్సీయ’ను పాడించెను. మరుసటి యేటనుండి అక్కడ అది ఏటేట జరుగుచు వచ్చెను. 1759లో అతడు చనిపోవుచు ఆ గానపు ప్రతినొకదానిని ఆశ్రమమునకు వ్రాసిపెట్టెను. ఇక్కడ నేను గమనించినది ఇది: డబ్లినులో బీదలకొరకైన పాట ధనవంతుల శాలలో జరిగెను, లండనులోనో ధనవంతులే దిక్కులేని బిడ్డలుండు చోటికి నడచి రావలసివచ్చెను.

మరుసటి యేట మేమును అట్లే చేసితిమి. ఆ విధవరాలి వాకిట పాడితిమి; టికెట్టు పెట్టలేదు, చివర పళ్లెము త్రిప్పితిమి. సొమ్ము మొదటి యేటికంటె తక్కువే వచ్చెను. ఆ మాట దాచను. అయితే ఆ రాత్రి ఆమె ఇంటి కప్పును కండ్లార చూచినవారిలో నలుగురు మరుసటి వారము వచ్చి దానిని నేసిపోయిరి.

కావున, సహోదరులారా, మీ సంఘములో ఇట్టి కచేరి పెట్టదలచినయెడల పెట్టుడి. టికెట్టు అమ్మినను అమ్ముడి. ఎవరికొరకు పాడుచున్నారో వారిని ముందు వరుసలో కూర్చుండబెట్టుడి. వారు సిగ్గుపడి రాలేనియెడల, సొమ్మును ఎవరిచేతనో పంపక మీరే వారి యింటికి పోయి, చాపమీద కూర్చుండి, వారి మాట వినుడి. ఎలీషా ఆ విధవరాలిని, నీ యింట ఏమున్నదని మొదట అడిగెను. ఆ రెండు నెలల అభ్యాసములో నేను ఒక్కసారియైనను పోయి అడుగని ప్రశ్న అదియే.

ప్రభువు మన పాటలను అంగీకరించి, పందిరి వెలుపల నిలిచినవారిని చూచు కన్నులను మనకు దయచేయును గాక. ఆమేన్.